బండి తిన్నగానే ఉంది

తన భార్య లైసెన్సు పరీక్షలో ఎలాగూ తప్పుతుందని, తప్పాక నెపం బండి మీదకు నెట్టకుండా ముందే కట్టడి చేయాలని తూనికల అధికారి ఆ ఉదయం పళ్లు తోముకుంటూ నిర్ణయించుకున్నాడు. పరీక్ష పదకొండింటికి. అప్పటికి ఏడున్నర.

ఇరవై ఏళ్లుగా అంగళ్ల వెంట తిరిగి తప్పుడు త్రాసులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. తాను కొలవనిదేదీ కొలత కాదని ఆయనకు గట్టి నమ్మకం. భార్య రెండు నెలలుగా ఆయన మోటార్‌సైకిల్ మీదే నేర్చుకుంటోంది. మొదటి రోజే, "బండి ఎడమకి లాగుతోందండీ," అంది.

"బండి తిన్నగానే ఉంది. లాగేది నువ్వు."

ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊరవతల ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆవిడకు ఖాయమైంది. తెల్లవారుజామున బస్సులుండవు కాబట్టి ఇవాళ లైసెన్సు వస్తేనే రేపు చేరగలదు, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. అదంతా ఆయనకు తెలుసు. తెలిసినా, ఆవిడ ఉద్యోగం కంటే తన మాట నెగ్గడమే ఆయనకు ముఖ్యంగా తోచింది.

బండికి వరండాలో స్టాండు వేసి, వెనక టైరుకు ఆనిస్తూ ముందు చక్రం దాకా ఎడమవైపు ఒక నూలుతాడు బిగించి కట్టాడు. తాడు ముందు టైరుకు తగల్లేదు, మధ్యలో వేలు పట్టేంత సందుంది. వెనక టైరు వెడల్పెక్కువ కాబట్టి సందు ఉండే తీరుతుంది. అది రెండువైపులా సమానంగా ఉందా లేదా అన్నదే చూడాలి. రెండోవైపు చూడాలని ఆయనకు తట్టలేదు. ఏ దుకాణదారైనా ఇలా ఒక్క పళ్లెమే చూసి తూకం తేల్చేస్తే అక్కడికక్కడే జరిమానా రాసేవాడు.

బండి వంకరని ఒప్పుకుంటే పరువు పోతుంది. అందుకని భార్య వంటింట్లో ఉండగానే గుట్టుగా వెనక చక్రం నట్లు వదులుచేసి, తాడు ముందు టైరుకు తగిలేదాకా చక్రాన్ని జరిపాడు. తృప్తిగా అటువైపు వెళ్లి చూస్తే అక్కడ సందు రెట్టింపైంది. కొలిచింది తాను కాబట్టి కొలతలో తప్పుండదు. చక్రాల్లోనూ లేదు. ఇక మిగిలింది ఇంజనే. దాన్ని పట్టి ఉంచిన బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. ఆఖరిది ఊడగానే ఇంజను ఒక పక్కకు కూలబడింది, గొలుసు జారింది, పొగగొట్టం వేలాడింది. చేతికందిన పీట ఒకటి ఇంజను కింద దూర్చి, దాన్ని పైకెత్తడానికి గంటసేపు నానా తంటాలూ పడ్డాడు. ఒక రంధ్రం కుదిరితే రెండోది తప్పుకునేది.

తొమ్మిదింటికి భార్య తయారై వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"చిన్న సర్దుబాటు."

ఆవిడ తన వంటింటి పీటనూ, దాని మీద కూర్చున్న ఇంజనునూ చూసింది. ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి వీధి చివరి మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఏడాదిగా గడప తొక్కనివ్వని మనిషి అతనే. ఏదీ కొలవడనీ, అంతా కంటిచూపుతో తేల్చేస్తాడనీ ఆయనకు చిన్నచూపు. మెకానిక్ ముందు ఇంజను బిగించాడు. తర్వాత అదే తాడును రెండువైపులా కట్టి, ఒక కొస ఆవిడను పట్టుకోమని, చక్రాన్ని సరిచేశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"కొంచెం వంకర పాతదేనమ్మా. మిగతాదంతా ఈ పొద్దుటిదే."

పరీక్ష మైదానానికి ఆయనే నడిపాడు. దారిలో రెండుసార్లు బండి రోడ్డు మధ్యకు పోయింది. రోడ్డు సరిగ్గా వేయలేదన్నాడు. మైదానంలో ఆవిడ రెండు తెల్లగీతల మధ్య, గీత గీసినట్టు తిన్నగా, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ నడిపింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి, బండి ఇక్కడిదాకా ఎవరు తెచ్చారని అడిగాడు. ఆయన ఛాతీ విరుచుకుని ముందుకొచ్చి, తన ఇరవై ఏళ్ల అనుభవం చెప్పి, లైసెన్సు తీసిచ్చాడు. దాని గడువు ముగిసి ఆరేళ్లయింది.

"మీకూ మళ్లీ పరీక్ష పెట్టాలండీ. ఎలాగూ వచ్చారుగా, కానివ్వండి."

ఆయన నవ్వి బండెక్కాడు. ఎడమకు లాగే బండిని ఏళ్ల తరబడి తెలియకుండానే కుడికి తిప్పిపట్టిన చేతులవి. ఇప్పుడు బండి లాగడం మానేసింది, చేతులు మానలేదు. పది గజాలు పోకముందే కుడిగీత దాటి, ఇన్‌స్పెక్టరు కుర్చీని పడగొట్టి ఆగాడు. మళ్లీ నెల తర్వాత రమ్మన్నారు.

తిరుగు ప్రయాణంలో బండి ఆవిడే నడిపింది. వెనక కూర్చున్నవాడికి హెల్మెట్ పెట్టుకోవడం తప్ప వేరే పని లేదు. ఆయన దాన్ని కూడా వెనకభాగం ముందుకొచ్చేలా పెట్టుకున్నాడు.