ఉక్కు ఇళ్ల విప్లవం

ఇక మీదట ఈ దేశంలో ఉక్కు లేని ఇల్లంటూ ఉండదని గృహ నిర్మాణ శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు, నేను కుర్చీ దొరక్క ఆయన వెనకే నిలబడి ఉన్నాను. ఆయన నాకు తోడల్లుడు. మా ఆవిడ అక్కను చేసుకున్నారు కాబట్టి, చరిత్ర జరిగే చోట నిలబడే అదృష్టం నాకు తరచూ కలుగుతూ ఉంటుంది.

"ఉక్కు కాలదు. ఉక్కుకు చెద పట్టదు. ఉక్కు దూలం వేస్తే షాపు మధ్యలో స్తంభమే అక్కర్లేదు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య అడ్డం ఉండదు. ప్రజాస్వామ్యం అంటే అదే కదా?" అన్నారు మంత్రిగారు.

"మరి తుప్పు సంగతేంటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"తుప్పు గత ప్రభుత్వం తెచ్చింది."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. నిలబడి ఉన్నవాడికి చేతులు ఖాళీగా ఉంటాయి.

విప్లవంలో మొదటి అడుగు మేం ఉండే ప్రభుత్వ క్వార్టర్లను కూలగొట్టడం. పాతకాలపు ఇటుక భవనం అది. దాని స్థానంలో పూర్తి ఉక్కు ఫ్రేముతో కొత్త భవనం లేస్తుందనీ, అందరికీ తలో ఫ్లాటు వస్తుందనీ ఛీఫ్ ఇంజనీరు మాటిచ్చాడు. ఆయన మాట పూర్తి కాకముందే బుల్డోజరు వచ్చింది. పాలనలో అంత వేగం నేనెన్నడూ చూడలేదు.

మిగతావాళ్లు రేకుల షెడ్లలోకి మారారు. మేం బంధువులం కాబట్టి మంత్రిగారి పాత కారు షెడ్డులోకి మారాం. కారుకు కొత్త గది కట్టించారు. అందులో ఫ్యాను కూడా ఉంది.

ఉక్కు రానే వచ్చింది. లారీల మీద దూలాలు, ఊచలు, రేకులు. ముందుగా మంత్రిగారి ఇంటికి గేటు అమర్చారు, భద్రత కోసం. తర్వాత ఆయన వెళ్లే దారుల్లో స్వాగత ద్వారాలు, ప్రజల సంతోషం కోసం. ఆ తర్వాత మా ఇద్దరికీ ఉమ్మడి బావమరిది షాపింగ్ కాంప్లెక్సు లేచింది. దాని మధ్యలో నిజంగానే ఒక్క స్తంభం లేదు. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు.

ఒకరోజు ఆయన కాఫీ తాగుతుండగా ఛీఫ్ ఇంజనీరు వచ్చాడు.

"సార్, క్వార్టర్లకు ఉక్కు అయిపోయింది."

"ఎంతవరకు కట్టారు?"

"ఇంకా పునాది తవ్వలేదు సార్."

"మరి అయిపోయిందంటావేంటయ్యా? మొదలవబోతోంది అనాలి. ప్రజలకు ఆశ ఉండాలి." మంత్రిగారు చేతిలోని స్టీలు గ్లాసును తిప్పి చూసుకున్నారు. ఆయనకు గొప్ప ఆలోచనలన్నీ అలాగే వస్తాయి. "ఉక్కు లేకపోవడమేంటి? ప్రతి వంటింట్లో స్టీలే కదా?"

"అది గిన్నెల స్టీలు సార్. దూలాలకు వాడేది వేరు."

"స్టీల్లో కూడా పేదా గొప్పా తేడాలు చూస్తావా?"

ఛీఫ్ ఇంజనీరు త్వరలో రిటైరవుతాడు. "ఈ కోణం మా పుస్తకాల్లో లేదు సార్" అన్నాడు, భక్తిగా.

మర్నాడే మైకు కట్టిన వ్యాను రేకుల షెడ్ల మధ్య తిరిగింది. "ఈరోజు మీ గిన్నె, రేపు మీ ఇంటి కప్పు" అని మైకు చెప్పింది. ఆడవాళ్లు వరసలో నిలబడి మరీ ఇచ్చారు. మా ఆవిడ పళ్లేలు, గ్లాసులు, వాళ్లమ్మ ఇచ్చిన పెద్ద బిందె మోసుకెళ్లి ఇచ్చింది.

"మూతలు కూడా వేస్తున్నానయ్యా. కప్పు కారకుండా ఉండాలి" అని వ్యాను డ్రైవరుకు చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం మంత్రిగారింట్లో మాకు భోజనం పెట్టారు. మా ఆవిడ పళ్లెం అంచు పట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్కా, దీని మీద నా పేరు చెక్కి ఉందేంటి?"

"ఉండదా మరి? ప్రజల పళ్లెంలో తప్ప తిననని మీ బావ ఒట్టేసుకున్నారు."

"మరి మా ఇంటి కప్పు?"

"తినేటప్పుడు ఇంటి గొడవలెందుకే? కూర వేసుకో."

ఆ నిరాడంబరత చూసి నా కడుపు నిండిపోయింది. మా ఆవిడకూ అంతే అయినట్టుంది, ముద్ద ముట్టకుండా లేచిపోయింది. షెడ్డులోకి వచ్చాక మంచం మీద కూర్చుని, "ఏమండీ, పాప చదువుకోడానికి బల్ల వేసే చోటు కూడా లేదు. బావగారిని ఒక్కమాట అడగండి" అంది. నేను వెంటనే వెళ్లి అడిగాను.

"ఈ నెల్లోనే ప్రారంభోత్సవం, తమ్ముడూ" అన్నారు మంత్రిగారు.

"పునాది ఇంకా..."

"ఎన్నికలు పునాది కోసం ఆగవు."

స్థలం చుట్టూ ఎత్తయిన పరదాలు కట్టారు. లోపల సుత్తి చప్పుళ్లు వినిపించేవి. ప్రారంభోత్సవం రోజు బ్యాండు మోగుతుండగా పరదాలు తొలగించారు. అంతే, అందరం నోళ్లు తెరిచాం. తళతళలాడే ఉక్కు భవనం. బాల్కనీలు, బాల్కనీల్లో పూలకుండీలు. ఒక కిటికీలో పిల్లి కూడా ఉంది. ఎంతసేపటికీ కదల్లేదు. ఉక్కు ఇంట్లో జంతువులకు సైతం క్రమశిక్షణ వస్తుంది.

పెయింటు ఆరలేదు కాబట్టి ఎవరూ తాడు దాటి రావద్దని ఛీఫ్ ఇంజనీరు ప్రకటించాడు. మంత్రిగారు తాళంచెవులు పంచారు. మాకు మూడో అంతస్తు వచ్చింది. మా ఆవిడ ఆ తాళంచెవిని కళ్లకద్దుకుని, పాప చేతికిచ్చి, మళ్లీ తీసేసుకుంది.

సరిగ్గా అప్పుడే గాలి లేచింది. భవనం కడుపు ఉబ్బింది. నాలుగో అంతస్తు ఒక్కసారి కిందిదాకా దిగివచ్చి, తిరిగి పైకి వెళ్లిపోయింది.

"చూశారా? లిఫ్టుతో పనిలేదు" అన్నారు మంత్రిగారు.

"ఉక్కుకు సాగే గుణం ఉంది. భూకంపాలను తట్టుకునేది అందుకే" అన్నాడు ఛీఫ్ ఇంజనీరు, టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని. చప్పట్లు మిన్నుముట్టాయి.

సాయంత్రానికి మంత్రిగారి కాన్వాయ్ వెళ్లిపోయింది. మేం అప్పటికే ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, పాప పుస్తకాల సంచీ తెచ్చుకుని తాడు పక్కన కూర్చున్నాం, పెయింటు ఎప్పుడు ఆరుతుందా అని. నలుగురు పనివాళ్లు లారీలో వచ్చి వెనకాల మోకులు విప్పారు. భవనం మెల్లగా, చప్పుడు లేకుండా, పిల్లితో సహా నేలకు వాలింది. వాళ్లు దాన్ని అటొకరు ఇటొకరు పట్టుకుని మడవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికి బాబూ?" అని అడిగింది మా ఆవిడ.

"పక్క ఊరికమ్మా. రేపక్కడ ప్రారంభోత్సవం."

ఆమె తాళంచెవి వైపు చూసింది, పాప వైపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు. ట్రంకుపెట్టె ఎత్తి లారీలో పెట్టింది. పాపను ఎక్కించి, కొంగు బిగించి తానూ ఎక్కింది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఇంటికి" అంది. ఆ తర్వాత పనివాళ్ల వైపు తిరిగింది. "మూడో అంతస్తు మాది బాబూ. కాస్త నలక్కుండా మడవండి."