నిమిషంలో స్పందన

మా ఆయన అన్సెల్మో పోయిన రోజునే మా మేయరు దోన్ ఎవారిస్తో ‘ప్రతి పౌరుడి దుఃఖంలో మీ మేయరు’ అనే మహత్తర కార్యక్రమాన్ని ఫేస్‌బుక్ లైవులో ప్రారంభించారు.

ఆ మధ్యాహ్నం ఛాతీలో నొప్పంటూ అన్సెల్మో కూలబడ్డాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఒక టైరు లేదు, మేయరు గారి పేజీలో ఫిర్యాదు పెట్టమన్నారు. పెట్టాను. నిమిషంలో ఎర్రటి గుండె బొమ్మ వచ్చింది. ఇంత చురుకైన పాలన నేనెక్కడా చూడలేదు.

శవానికి స్నానం కాకముందే సంతాపం కార్డు కూడా వచ్చింది. నల్ల రిబ్బను, కొవ్వొత్తి, నడుమ గుండె మీద చెయ్యేసుకున్న మేయరు గారి నిలువెత్తు ఫొటో. సబ్బు పెట్టె మీద తయారీ తేదీ అంత అక్షరాలతో, అడుగున అన్సెల్మో పేరు.

పోయింది మేయరేనని జనం అనుకున్నారు. వేలల్లో కన్నీటి వ్యాఖ్యలు. పక్క ఊళ్ళ మేయర్లు పూలదండలు పంపారు. ‘ఇన్నాళ్ళకు ఒక మంచి కబురు’ అని ఒకరు రాశారు. దాన్ని తొలగించారు.

మా ఇంట్లో తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన చేయిస్తున్నది పొరుగింటి దోన్యా చోలె. ఆమె ఆయాసం మనిషి.

“పూలు ఆయనింటికి, ఏడుపు మనింటికి,” అంది రొప్పుతూ. “పోనీలే టీచరమ్మా, దేవుడికి అడ్రసు తెలుసు.”

ఆమె ఊపిరి విని మునిసిపాలిటీకి వెళ్ళి మేయరు గారిని కలిశాను.

“కార్డు సంగతి వదిలేయండి. అంబులెన్సుకు టైరు వేయించండి. మా వీధిలో ఇంకా మనుషులున్నారు.”

“మీ ఫిర్యాదుకు జవాబివ్వలేదా, టీచరమ్మా?”

“గుండె బొమ్మ పెట్టారు.”

“విన్నావుటే యెసేనియా! ఆవిడే ఒప్పుకుంటోంది!”

పేజీ నడిపే మేనకోడలు యెసేనియా ఫోనులోంచి తలెత్తలేదు.

“మామయ్యా, మీరు బతికే ఉన్నారని ఎప్పుడు చెబుదాం?”

“తొందరేముంది? బతికుండగా నన్ను ఇంత మంచివాడని ఎవడన్నాడే?” కళ్ళు తుడుచుకున్నారు. “టీచరమ్మా, ఇదంతా మీ ఆయన చలవ. ఆయన రుణం ఉంచుకోను.”

ఉంచుకోలేదు. తొమ్మిదో రోజు సైరను మోగిస్తూ అంబులెన్సు మా గుమ్మం ముందు ఆగింది. నాలుగు టైర్లతోనే. లోపల తనకొచ్చిన దండలన్నీ వేయించి, మేయరు గారే ముందు సీట్లో కూర్చుని వచ్చారు. రిబ్బన్ల మీద ఆయన పేరే ఉంది.

“నేను బతికే ఉన్నాను! ఈ పూలు నా ప్రజలవి!” అన్నారు లైవులో. యెసేనియా చెప్పినట్టు నన్ను రెండుసార్లు ఓదార్చారు. మొదటిసారి వెలుతురు చాలలేదు.

లైవు ముగిశాక డ్రైవరు జాకీ తీశాడు. ఆ నాలుగో టైరు మేయరు గారి సొంత బండిది. విప్పి పట్టుకెళ్ళారు.

అంబులెన్సు మా గుమ్మం ముందే ఉంది. పూలు వాడిపోయాయి. దోన్యా చోలెకు ఆయాసం ఎక్కువైంది. మళ్ళీ ఫిర్యాదు పెట్టాను, మళ్ళీ గుండె బొమ్మ వచ్చింది.

నాలుగో టైరు ఇంకా వేయలేదు.