తూనికయంత్రముపై దర్జీగారి దండయాత్ర

అలారం గడియారములు ముమ్మారు మొరపెట్టి విసిగి ఊరకుండినట్టియు, పాలగిన్నెలు పొంగుటకు అదను చూచుచున్నట్టియు ప్రభాతవేళ, మూడవ అంతస్తులోని రెండు గదుల ఇంట, కొలతటేపు కంఠహారముగా, కత్తెర ఖడ్గముగా వెలుగు దర్జీకులతిలకుడు తూనికయంత్రమును అధిరోహించెను.

తొంబదిరెండు కిలోలు. పదునాలుగు దినములుగా అదే తొంబదిరెండు.

రక్తపోటు హెచ్చినది, బరువు తగ్గవలెనని వైద్యుడు శాసించినది మొదలు ఆ ధీరోదాత్తుడు ఉదయమున దోసకాయ ముక్కలను, మధ్యాహ్నమున ఉడికించిన ఆకులను, సాయంకాలమున ఆ ఆకులుడికిన నీటిని మాత్రమే సేవించుచుండెను. తొలివారమున మేదోరాక్షసుడు రెండు కిలోలు వెనుకంజ వేసి, పిమ్మట ఉదరదుర్గమున దూరి తలుపులు బిగించుకొనెను. ఆ అంకె కదలువరకు దోసకాయనైనను ముట్టనని వీరుడు యంత్రము ముందు బిగ్గరగా శపథము చేసెను.

"పొద్దున్నే ఎవరితోనండీ గొడవ?" అని లోపలినుండి భార్య అడిగెను.

ఆ మధ్యాహ్నమున సంగీతం టీచరుగారి నీలికోటు గుడ్డపై సుద్దగీత ఒకటి రెండై, రెండు నాలుగై నర్తింప, క్షుధాతిమిరాంధుడైన మన యోధుడు కత్తెర ఝళిపించెను. కాజాలు కుట్టుచున్న భార్య ఆ ముక్కలను ఎత్తి చూచెను.

"ఏమండీ, ఈవిడకి రెండూ ఎడమ చేతులేనా?"

ముప్పది వత్సరములలో ఒక్క గుడ్డయు పాడుచేయనివాడు, పీలికల నడుమ చతికిలబడెను. "నావల్ల కావట్లేదే. కడుపు మాడ్చుకున్నా తగ్గట్లేదు. ఇప్పుడు పనీ చెడుతోంది," అని కత్తెరను ప్రక్కకు నెట్టెను.

ఆమె మిగిలిన గుడ్డను తిప్పి తిప్పి కుడిచేతికి చోటు కుదిర్చి, భర్తకు కడుపునిండ భోజనము పెట్టి, ఆసుపత్రికి తోడ్కొని పోయెను.

"తిండి మరీ తగ్గిస్తే ఒళ్లు కూడా పిసినారిదవుతుందండీ, ఉన్నది వదలదు," అనెను నర్సు. "వేళకి తినండి, నడవండి. బరువు దిగినంత దిగుతుంది. మాక్కావలసింది మీ బీపీ, మీ ఊపిరి."

నాటినుండి ఆ పరాక్రమశాలి వేళకు భుజించెను, దంపతులిరువురును వీధులు చుట్టిరి, లిఫ్టు పరిత్యక్తమయ్యెను. మొదటినాడు మెట్లెక్కుచు రెండవ అంతస్తులో కూలబడగా, పొరుగింటి పెద్దావిడ మంచినీళ్లిచ్చి, "లిఫ్టు పాడైందా నాయనా?" అని జాలిపడెను. నలువది దినములు గడచెను. రక్తపోటు దిగివచ్చెను. యంత్రము మాత్రము ఎంతో బ్రతిమాలించుకొని అరకిలో విడిచెను.

ఆనాటి సాయంకాలము తలుపు చప్పుడయ్యెను.

"ఎవరూ?"

"నేనే, తలుపు తియ్యి."

భార్య తలుపు తెరచి, అతనిని ఎగాదిగా చూచెను. "లిఫ్టులో వచ్చారా?"

"లేదు. నడిచే వచ్చా."

దిక్కులారా, వినుడు! ఏబదినాలుగు సోపానములను అధిగమించి, గోడ పట్టక, మెట్టుపై కూర్చొనక, నడుమ ఒక్క రొప్పైనను దొర్లనీయక, మన వీరుడు మూడు మాటల వాక్యమును తుదముట్ట పలికెను!