కింద ఫ్యూజు కావాలి, పైన వద్దు

కారులో ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్ళే కేబుల్‌కు ఫ్యూజు ఉండాలా వద్దా అన్న విషయంలో పౌరులు సొంతంగా ఆలోచించడం ప్రమాదకరమని గుర్తించిన ప్రభుత్వం, వారి తరఫున ఆలోచించడానికి వాహన నాద భద్రతా మండలిని స్థాపించింది. మండలి వెంటనే ఆలోచించడం మొదలుపెట్టింది. ఇంకా ఆలోచిస్తూనే ఉంది. (మండలి పుట్టిన ఏట పుట్టిన పిల్లలకు డ్రైవింగ్ లైసెన్సులు కూడా వచ్చేశాయి.)

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. దాన్ని దాచిపెట్టుకునేది బ్యాటరీ. రెంటికీ మధ్య ఒక కేబుల్ ఉంటుంది. కారుతో పాటు వచ్చిన కేబుల్‌తో ఎవరికీ పేచీ లేదు. పెద్ద ఆంప్లిఫయరూ పెద్ద స్పీకర్లూ పెట్టుకున్నవాళ్ళకు మాత్రం అది చాలదు, ఇంకా లావుది వేయించుకోవాలి. ఆ కొత్త కేబుల్‌కు ఫ్యూజు, అంటే కరెంటు హద్దు మీరితే ముందు తాను కాలిపోయి మిగతావాటిని కాపాడే చిన్న ముక్క, ఉండాలా అక్కర్లేదా అన్నదే ప్రశ్న. అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు కూడా మనుషుల్లో ఇంత పట్టుదల కనబడదు.

ఈ గొడవలో మన కథలోని అల్లుడు కావాలని తలదూర్చలేదు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. మిక్సీ తిరిగితేనే పక్క గదిలోకి వెళ్ళిపోయే మనిషి. చిక్కల్లా మామగారి చెవులతో వచ్చింది.

మామగారు సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆడించి రిటైరయిన మనిషి. ఆ తర్వాత ఒక్కొక్క శబ్దమే ఆయన్ని వదిలిపోసాగింది. మొదట పిట్టలు పోయాయి, తర్వాత కాలింగ్ బెల్, ఆ తర్వాత మనవరాలి కబుర్లు. చెవుల డాక్టరు లోపలికి తొంగిచూసి, "సన్న శబ్దాలు పోయాయండీ. లావు శబ్దాలు ఇంకొన్నాళ్ళు ఉంటాయి, తర్వాత అవీ పోతాయి. ఏమైనా వినాలనుంటే వాయిదా వెయ్యకండి," అన్నాడు. ఆ మాట మామగారికి వినబడలేదు. అల్లుడు కాగితం మీద రాసి చూపించాడు. ఆయన దాన్ని చదివి, ఒక పాత పాట అడిగాడు.

"ఆ పాటా?" అంది అత్తగారు. "పెళ్ళికి ముందు నేను మా నాన్నతో ఈయన పనిచేసే హాలుకి వెళ్ళినప్పుడు ఆడుతున్న సినిమాలోది. నాకప్పుడే నచ్చలేదు. ఇన్నేళ్ళూ నేను మాట్లాడితే వినని మనిషికి ఇప్పుడు పాట కావాలట!" ఇలా అని వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

చెవి మిషను పెడితే ఈల వేసింది. హెడ్‌ఫోన్లు పెడితే, "నా బుర్రలో ఎవరో అద్దెకి దిగినట్టుందయ్యా" అని మామగారు తీసేశాడు. హాల్లో కూర్చున్నట్టు ఛాతీకి తగలాలి, అప్పుడే అది పాట అన్నది ఆయన అభిప్రాయం. ఇంట్లో అంత మోత పెడితే కింది వాటావాళ్ళు ఊరుకోరు. కాబట్టి కారులో పెద్ద స్పీకర్లు పెట్టి, ఊరి బయటికి తీసుకెళ్ళి వినిపించాలని అల్లుడు నిర్ణయించుకున్నాడు. స్పీకర్లు వచ్చాయి, ఆంప్లిఫయర్ వచ్చింది. కారు ఎలక్ట్రీషియన్ అన్నీ బిగించి, కేబుల్ దగ్గరికి వచ్చేసరికి చేతులు దులుపుకున్నాడు.

"ఇది మాత్రం మండలి తేల్చాలి సార్. వాళ్ళని అడక్కుండా బిగించినాయన స్పానర్లు ఇప్పటికీ వాళ్ళ కస్టడీలో ఉన్నాయి. పాపం, ఆదివారాలు వెళ్ళి చూసొస్తుంటాడు."

మండలి భవనానికి రెండు అంతస్తులు. కింది అంతస్తులో ఫ్యూజు ఆవశ్యకతా విభాగం, పై అంతస్తులో ఫ్యూజు అనావశ్యకతా విభాగం. (మెట్లు ఏ విభాగం కిందికీ రావు, అందుకే వాటిని ఎవరూ ఊడవరు.) కింది అధికారి గోడకు సగం కాలిన బానెట్ ఒకటి వేలాడదీసుకున్నాడు.

"కేబుల్ ఒక కొస ఆల్టర్నేటర్‌కి. రెండో కొస?" అని అడిగాడు.

"బ్యాటరీకండీ."

"అది రాసుకుని రాసుకుని తొడుగు చిరిగి కారు బాడీకి తగిలిందనుకోండి. బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఒక్కసారిగా అటు దూకుతుంది. కారు తగలబడుతుంది. ఫ్యూజు లేకుండా మీ మామగారిని అందులో కూర్చోబెడతారా?"

"బాబోయ్, లేదండీ."

"మంచిది. పైకి వెళ్ళండి."

పై అంతస్తు మేడమ్ బల్ల మీద మాడిపోయిన కారు రేడియో ఒకటి ఉంది, దానికి రోజూ దుమ్ము దులుపుతారు. "పాట మంచి ఊపులో ఉండగా ఫ్యూజు పోయిందనుకోండి," అంది ఆమె. "ఇంజన్ ఆగదు కదా. ఆల్టర్నేటర్ పుట్టించే కరెంటుకి బ్యాటరీ దారి మూసుకుపోతుంది. వోల్టేజి ఎగిరిపడుతుంది. కారులో ఉన్న ఎలక్ట్రానిక్ సామానంతా మాడిపోతుంది. ఇంక పాటెక్కడిది? ఇప్పుడు చెప్పండి, ఫ్యూజు పెడతారా?"

"పెట్టను మేడమ్."

"మంచిది. కిందికి వెళ్ళండి."

ఇద్దరూ చెప్పింది నిజంలాగే ఉండటం అల్లుడిని మరీ బాధపెట్టింది. ఒక్కరైనా అబద్ధమాడి ఉంటే ఆయన నిశ్చింతగా ఇంటికి వెళ్ళేవాడు.

మండలి కారును స్వయంగా పరిశీలించడానికి ఒప్పుకుంది. అయితే సర్వీసు నిబంధనల ప్రకారం, భిన్నాభిప్రాయాలున్న అధికారులు ఒకే బానెట్‌లోకి ఒకేసారి తొంగిచూడరాదు. అందుకని ముందు కింది అధికారి వచ్చి చూసి, పాత కేబుల్ తీయించి, కొత్తదానికి ఫ్యూజు బిగించి, బానెట్ మూసి లోపలికి వెళ్ళాడు. తర్వాత మేడమ్ దిగివచ్చి, బానెట్ తెరిచి, ఫ్యూజు తీసేసి పైకి వెళ్ళింది. తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. సాయంత్రానికి బోల్టు మర అరిగిపోయింది. దాన్ని ఇరుపక్షాలూ తమ వాదనకు బలమైన సాక్ష్యంగా స్వీకరించాయి.

చివరికి ఒక తాత్కాలిక ఉత్తర్వు వెలువడింది. విషయం తేలేవరకూ కేబుల్‌ను ఒక్క కొసకే తగిలించి ఉంచాలి. ఏ కొస అన్నది యజమాని ఇష్టం. (పౌరుల స్వేచ్ఛకు మండలి ఇచ్చే విలువ అలాంటిది.) అలా తగిలిస్తే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు కాబట్టి, కారు కొద్ది రోజులకే మొరాయించింది. ఆ తర్వాత ప్రతి విచారణకూ దాన్ని తోసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. అల్లుడూ బావమరిదీ వెనక నుంచి తోసేవారు. అత్తగారు స్టీరింగు పట్టుకునేది. ఆమె ఎన్నడూ కారు నడపలేదు గానీ, ఆ వేగం తనకు సరిగ్గా సరిపోయిందని చెప్పింది. మామగారు వెనక సీట్లో బుద్ధిగా కూర్చునేవాడు.

మొదటిసారి తోసినప్పుడు ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "పాట పెట్టారా?" అని అడిగాడు.

"ఇంకా లేదు మామయ్యా!" అని అల్లుడు గట్టిగా అరిచాడు. ఆయన విని తలూపాడు.

వానలు వెళ్ళి ఎండలు వచ్చాక, ఒక విచారణకు తోసుకెళ్తుండగా వెనక నుంచి ఒక లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. బావమరిది ఎగిరి పక్కకు దూకాడు. అత్తగారు స్టీరింగు వదిలేసి చెవులు మూసుకుంది. మామగారు మాత్రం కిటికీలోంచి షాపుల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాడు. అది అల్లుడు చూశాడు. కారును అక్కడే వదిలేసి మండలికి పరుగెత్తాడు.

"మేడమ్, ఆయన చెవులు అయిపోతున్నాయి. ఏదో ఒకటి చెప్పండి. ఉండాలంటే ఉంచుతాను, వద్దంటే తీసేస్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

మేడమ్ నొచ్చుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. "ముందే చెప్పొచ్చు కదండీ! వినికిడి తగ్గినవాళ్ళకి మా దగ్గర ప్రత్యేక సదుపాయం ఉంది. విచారణ వెంటనే జరిపిస్తాం."

నిజంగానే జరిపించారు. ప్రత్యేక సదుపాయంలో ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, విచారణ అంతా నోటి మాట ద్వారానే సాగుతుంది. అల్లుడు ప్రశ్నలు కాగితం మీద రాయబోతే, సాక్షికి అందించడం నేరమని కాగితం లాక్కున్నారు. కేబుల్ మందం గురించి అడిగితే మామగారు, "అయిందండీ, ఇప్పుడే తిని వచ్చాం," అన్నాడు. ఫ్యూజు సామర్థ్యం గురించి అడిగితే, "ఇద్దరు. అమ్మాయి పెద్దది," అన్నాడు. సాక్షి మర్యాదస్తుడనీ, సాంకేతిక విషయాల్లో తటస్థుడనీ మండలి నమోదు చేసుకుంది.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. ఫ్యూజు ఉండాలి అంది కింది అంతస్తు. ఉంటే ఉండనీ గానీ కాలకూడదు అంది పై అంతస్తు. దాంతో కాలని ఫ్యూజు అనే రాజీ ప్రతిపాదన పుట్టింది. "కాలని ఫ్యూజంటే రేకు ముక్కే కదండీ," అని ఎలక్ట్రీషియన్ అనబోతే, స్పానర్ల సంగతి గుర్తుచేశారు. తర్వాత అసలు కేబుల్ ఆల్టర్నేటర్ దగ్గర మొదలై బ్యాటరీ దగ్గర ముగుస్తుందా, లేక బ్యాటరీ దగ్గర మొదలై ఆల్టర్నేటర్ దగ్గర ముగుస్తుందా అన్నది తేల్చడానికి ఉపసంఘం వేశారు. కేబుల్‌కు రెండూ మొదళ్ళే, కొస లేదు అని ఉపసంఘం ఏకగ్రీవంగా తేల్చింది.

తుది తీర్పు ఇలా వచ్చింది: ఫ్యూజు పెట్టుకునే డబ్బా తప్పనిసరి. అందులో ఫ్యూజు పెట్టుకోవాలా వద్దా అన్నది యజమాని సొంతంగా ఆలోచించి నిర్ణయించుకోవాలి. ఏం జరిగినా మండలికి సంబంధం లేదు.

ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పక్కనే డబ్బా బిగించి, కేబుల్ మోయగలిగే కరెంటుకు తగిన ఫ్యూజు వేసి, టీ చల్లారకముందే పని ముగించాడు.

ఇక మిగిలింది మండలి జరిపే శ్రోత సంతృప్తి పరీక్ష. బానెట్ తెరిచే పని లేదు కాబట్టి అధికారులిద్దరూ కలిసి వచ్చారు. కారును ఊరి బయట మైదానంలో ఆపారు. మామగారు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. అల్లుడు చెవుల్లో దూది పెట్టుకుని పాట పెట్టాడు.

అద్దాలు దడదడలాడాయి. దూరంగా పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. పాట మొదటి చరణం దాటి రెండో చరణంలోకి వెళ్ళింది. అత్తగారు వెనక సీట్లోంచి భర్త ముఖాన్నే చూస్తోంది. ఆయన తలుపు మీద అరచెయ్యి ఆనించి, అల్లుడి వైపు తిరిగాడు.

"ఇంజన్ బాగా వణుకుతోందయ్యా, చూపించు. పాట ఎప్పుడు పెడతావ్?"

అత్తగారు ముందుకు వంగి భర్త భుజం మీద చెయ్యి వేసింది.

కింది అధికారి కిటికీ దగ్గరికి వచ్చి, శబ్దం ఎక్కువగా ఉందా అని అడిగాడు. మామగారు చిరునవ్వు నవ్వాడు. తక్కువగా ఉందా అని మేడమ్ అడిగింది. ఆమెకూ ఒక చిరునవ్వు అందింది. అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మండలి చరిత్రలోనే మొదటిసారిగా రెండు అంతస్తులూ ఒకే వాక్యం కింద సంతకం చేశాయి: "శ్రోత నుంచి ఎలాంటి ఫిర్యాదూ లేదు."