కొరివి దయ్యం పెండ్లికి సంఘం అభ్యంతరం

మా ఊరి కొరివి దయ్యం పెండ్లి చేసుకోదలచిందని తెలిసిన మరునాడే, కొరివి దయ్యం అభిమాన సంఘం అత్యవసరంగా సమావేశమై, సదరు దయ్యానికి పెండ్లాడే హక్కు లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. చేతులెత్తిన వాళ్ళమంతా పెండ్లాం పిల్లలు గలవాళ్ళమే. కనుక అనుభవం లేకుండా తీర్మానించారని మమ్మల్ని ఎవరూ అనలేరు.

మా ఊరు జమ్మికుంటకు మూడు కోసుల దూరం. నిజాం పోయినా, హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినా, మా ఊరి పేరు ఒక్క మంత్రి నోటా పలకలేదు. అట్లాంటి ఊరికి కీర్తి తెచ్చినవాడు మొండయ్య. డేరా నాటకాల్లో కొరివి దయ్యం వేషం అతనిది. నెత్తిన గోనెనార జుట్టు, మొగమంతా పొయ్యి మసి, చేతిలో భగభగ మండే కొరివి. తెర వెనక నుంచి దూకి అతడు ఒక్క ఊపు ఊపితే, పత్తి బండ్లకు కట్టిన ఎద్దులు పలుపులు తెంపుకుని ఇల్లందకుంట దాకా పరుగెత్తేవి. వాటిని పట్టి తెచ్చే పని మీదనే ఊళ్ళో రెండు కుటుంబాలు సుఖంగా బతికాయి. నమ్మని వాళ్ళు ఆ ఎద్దులను అడగవచ్చు.

మా దిక్కు ఆచారం ఒకటుంది. జడుసుకుని జ్వరం తెచ్చుకున్న వాళ్ళకు, ఎవరిని చూసి జడుసుకున్నారో వాళ్ళ చేతి నీళ్ళే మందు. పోలీసు అమీనును చూసి జడుసుకున్న వాళ్ళకు మాత్రం ఈ వైద్యం కుదరదు. వాళ్ళు జ్వరంతోనే బతకాలి.

కాబట్టి నాటకమైన మరునాడు పొద్దున్నే మొండయ్య ఇంటి ముందు జనం బారులు తీరేవాళ్ళు. మొదట్లో పసిపిల్లలు వచ్చారు. తర్వాత వాళ్ళ తండ్రులు వచ్చారు. క్రమంగా మొండయ్యను చూసి జ్వరం తెచ్చుకోవడం మర్యాదస్తుల లక్షణమైంది. జడుసుకోని ఇంటికి పిల్లనిచ్చేందుకు జనం వెనుకాడసాగారు. ఇక ఒంట్లో నలత లేనివాళ్ళు కూడా వణుకుతూ వచ్చి నిలబడ్డారు. వణకడం చేతగాని వాళ్ళు పక్కింట్లో నేర్చుకుని వచ్చారు.

సంఘం ఇట్లా పుట్టింది. అధ్యక్ష పదవి హనుమండ్లు పటేలును వరించింది. నిండు సభలో, ముందు వరుసలో, దయ్యాన్ని చూసి ధోతి తడుపుకున్న ఏకైక పెద్దమనిషి ఆయన. అంతటి అర్హత గల అభ్యర్థికి పోటీగా నిలబడే సాహసం ఎవరూ చేయలేదు.

సంఘం మొండయ్య మీద అభిమానం కొద్దీ కొన్ని కట్టుబాట్లు చేసింది. దయ్యం అంగట్లో వంకాయలు బేరమాడరాదు. దయ్యం చెంబు పట్టుకుని చెలకల దిక్కు పోతూ ఎవరి కంటా పడరాదు. దయ్యానికి పడిశం పట్టరాదు. అన్నింటికన్నా ముఖ్యంగా, దయ్యం నవ్వరాదు. మొండయ్య అన్నీ పాటించాడు. అతని పళ్ళు ఎట్లుంటాయో కన్నతల్లికి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ తల్లి కూడా గత్తర రోగమొచ్చి పోయింది.

ఇక ఐలవ్వ సంగతి. డేరా పక్కన బజ్జీల పొయ్యి ఆమెది. మొగుడు పోయి చాలా కాలమైంది. ఊరు ఊరంతా వణికే చోట కూర్చుని ఆమె ఒక్కనాడూ వణకలేదు. పైగా నవ్వేది. దయ్యం దూకినప్పుడల్లా బజ్జీల పొయ్యి దగ్గర నుంచి కిలకిల వినబడేది. ఈ అపచారాన్ని సంఘం చాలాకాలం ఓర్చుకుంది, బజ్జీలు బాగుండేవి గనుక.

పొద్దున్నే ఊరందరికీ దోసిట్లో నీళ్ళు పోసి పోసి మొండయ్య ఒకనాడు ఆ పొయ్యి ముందు కూలబడితే, "బువ్వ తిన్నవా?" అని అడిగిందట ఐలవ్వ. దయ్యాన్ని ఆ మాట అడగవచ్చునని అప్పటి దాకా ఎవరికీ తోచలేదు. మొండయ్య మనసు అక్కడ పడిపోయింది.

సమావేశంలో హనుమండ్లు పటేలు గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా, దయ్యమంటె ఊరుమ్మడి సొత్తు. పెండ్లయిన దయ్యాన్ని జూసి ఎవడు జడుస్తడు? రేపు గాయన కొరివి ఊపుతుంటె, ఎనుకనుంచి పెండ్లాం ఉప్పు తెమ్మని పిలుస్తది. అప్పుడు మన ఇజ్జతేంది? తాతల కాలంనుంచి ఒస్తున్న మన జ్వరాలేంగావాలె?"

చప్పట్లు మోగాయి. మొండయ్య మూలన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పటేలా, నాకు నలభై దాటినయి. ఊరందరికి నీళ్లు ముట్టిస్తున్న, నాకు ముట్టిచ్చెటోళ్లు లేరు. జర దయుంచున్రి."

"దయ్యం గిట్ల బతిమిలాడుతదా మొండయ్యా? పక్కూరోళ్లింటె నవ్విపోతరు."

కార్యదర్శి లింగమూర్తి అప్పుడు మధ్యేమార్గం చూపాడు. నిండు సభలో ఐలవ్వ ఒక్కసారి జడుసుకోవాలి, మరునాడు అందరిలాగే దయ్యం చేతి నీళ్ళు తాగాలి. అప్పుడామె కూడా అభిమానురాలే అవుతుంది, అభిమానిని చేసుకుంటే దయ్యానికి పరువు నష్టం లేదు. ఇంత లోతుగా ఆలోచించగలవాడు కనుకనే లింగమూర్తి ఏ పనీ చేయకుండా బతకగలిగాడు.

మొండయ్య నేరుగా బజ్జీల పొయ్యి దగ్గరికి పోయాడు.

"ఒక్కసారి జడుసుకోరాదు ఐలవ్వా."

"నాకొస్తలేదయ్యా. నువ్వు దునుకంగనే నీ లాగు నాడ కనవడ్తది. నవ్వాగదు."

"ఉత్తగనన్న జడుసుకో."

"ఉత్తగ జడుసుకునెటోళ్లు ఊరునిండ ఉన్నరు గద, ఇంక నేనెందుకు?"

జిల్లాలో పేరుమోసిన దయ్యం పట్టపగలు పొయ్యి ముందు నిలబడి ఊగింది, మూసిన నోట్లోనే పండ్లు పటపట కొరికింది, కండ్లు ఎర్రగా చేసింది. ఐలవ్వ నవ్వీ నవ్వీ ఒక వాయి బజ్జీలు మాడ్చుకుంది.

"గీ పరేషాని ఎందుకు? మా మేనమామ మంచిర్యాల దిక్కు బొగ్గుబాయిల పనిజేస్తుండు. పోదాం నడువు" అంది చివరికి.

మొండయ్య ఊరి దిక్కు తిరిగి చూశాడు. "గీళ్లు లేకపోతె నేనెవన్నే?" అన్నాడు.

ఐలవ్వ మాడని బజ్జీ ఒకటి ఏరి అతని చేతిలో పెట్టింది.

డప్పు చాటింపు వేయించారు. పటేలుకు పెందలాడే తినే అలవాటున్నందున పొద్దుగూకక ముందే ఆట పెట్టారు. హుస్నాబాద్ దాకా కబురు పోయి బండ్లు కట్టుకుని వచ్చారు. ఐలవ్వకు ముందు వరుసలో కుర్చీ వేశారు. పుట్టి బుద్ధెరిగినంక ఆమెను కుర్చీలో కూర్చోమన్నది ఆ ఒక్కనాడే. పటేలు లేచి, ఒక స్త్రీ జడుసుకోవడం మీద ఊరి భవిష్యత్తు ఎట్లా ఆధారపడి ఉందో వివరించారు.

మొండయ్య ఆనాడు ప్రాణం పెట్టి ఆడాడు. ఒక కొరివి చాలదని రెండు పట్టుకుని దూకాడు. ఊపిన ఊపుకు గోనెనార జుట్టు భగ్గుమంది.

మేం చప్పట్లు కొట్టాం. ఇంతటి గొప్ప కొత్త పని ఏ డేరాలోనూ చూసి ఎరుగం. అతడు నెత్తి బాదుకుంటూ అటూ ఇటూ ఉరికితే ఈలలు వేశాం. "నీళ్లు, నీళ్లు" అని అరిచాడు. రోజూ నీళ్ళిచ్చే చెయ్యే నీళ్ళడగడం చూసి చాలామందికి కండ్లు చెమర్చాయి. "గిదీ నటనంటె" అన్నారు పటేలు. "మల్లొకసారి" అని లింగమూర్తి కేక పెట్టాడు.

కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది.

"మనిషి గాలుతుండు! మీ కండ్లు మండ, అగుపడ్తలేదా?"

ఐలవ్వ మొగాన నెత్తురు చుక్క లేదు. ఉరికిపోయి శనగపిండి కలిపిన గంగాళం ఎత్తి తెచ్చి అతని నెత్తిన బోర్లించింది. మంట ఆరింది. డేరా నిండా కమ్మటి వాసన వేసింది. రంజుగా నడుస్తున్న ఆటను చెడగొట్టినందుకు ముందు వరుసలో కొందరు నొచ్చుకున్నారు.

మిషను దవాఖానా కాంపౌండరు పేతురు వచ్చి మొండయ్య చేతికి, చెవికి కట్టు కట్టాడు. ఒక కనుబొమ్మ ఎటూ దక్కలేదు. ఐలవ్వకు మాత్రం ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. పొద్దున్నే మొండయ్య ఆమె గుడిసెకు పోయి, కట్టు లేని చేత్తో నీళ్ళు తాగించాడు. మా ఊళ్ళో అతడు ఎందరికో నీళ్ళు పోశాడు గానీ, నిజంగా జడుసుకున్న మనిషికి పోసింది అదే మొదలని నా అనుమానం.

షరతు తీరింది గదా అని మొండయ్య సంఘం ముందు నిలబడ్డాడు. పటేలు తల అడ్డంగా ఊపారు.

"ఆమె జడుసుకున్నది నిన్ను జూసి గాదు మొండయ్యా. నీకేమైతదో అని జడుసుకున్నది. గది మన లెక్కల రాదు."

విషయాన్ని ఉపసంఘానికి పంపాం. ఉపసంఘం వచ్చే దసరా నాటికి నివేదిక ఇస్తుందని తెలియజేశాం. మొండయ్య మా అందరి మొగాలు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పెద్ద అంగడిలో వెతికి వెతికి, కావలసిన సరుకు అక్కడ అమ్మరని తెలుసుకున్న మనిషి చూపు అది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మూటాముల్లె కట్టుకుని ఇద్దరూ జమ్మికుంట స్టేషనుకు పోయారని తెలిసి సంఘం యావత్తూ వెంట ఉరికింది. మేం పోయేసరికి రైలు కదలబోతోంది. కిటికీలో ఇద్దరూ కనిపించారు.

"మొండయ్యా, దిగు. నువ్వు ఊరి సొత్తువు" అని పటేలు ఆజ్ఞాపించారు.

ఐలవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసి, అతని చెవి దగ్గర ఏదో అంది. మొండయ్య నవ్వాడు. మసి లేని మొగం, కాలిన కనుబొమ్మ, నోటినిండా తెల్లటి పండ్లు. కడుపు పట్టుకుని, కండ్ల వెంట నీళ్ళు కారేలా, పక్కనున్న ఆమె భుజం మీద వాలిపోయి నవ్వాడు.

మేం ఒక్కసారిగా వెనక్కి జరిగాం. పటేలు అక్కడున్న పత్తి బోరం బస్తా చాటుకు పోయారు. లింగమూర్తి ఆయన చాటుకు పోయాడు. ఆ మొగం చూడటం మా వల్ల కాలేదు. ఇంటికి చేరేసరికి అందరికీ జ్వరం. ఈసారి ఎవరూ ఎవరి దగ్గరా వణకడం నేర్చుకోలేదు.

మందేమో రైలెక్కి పోయింది.

ఆ జ్వరం మా ఊరిని నేటికీ వదలలేదు. ఏ ఇంట్లోనైనా ఆలుమగలు మనసారా నవ్వితే చాలు, వాడకట్టు వాడకట్టంతా తలుపులు బిడాయించుకుని వణుకుతుంది. మీ ఊళ్ళో ఇట్లాంటి రోగం లేదంటారా? చాలా సంతోషం. ఈసారి పక్కింట్లో నవ్వు వినబడినప్పుడు, మీ నుదురు ఒకసారి ముట్టుకుని చూసుకోండి.