‘ఇంకానా?’ అనే పనిముట్టు

విమానాలు బాగుచేసే చోట ఉండే పనిముట్లన్నిటిలోకీ గొప్పది ఏదో మీకు తెలుసా? స్పానర్ కాదు, స్క్రూడ్రైవర్ అంతకన్నా కాదు. సూపర్‌వైజర్ నోట్లో ఉండే ‘ఇంకానా?’ అన్న మాట. దాన్ని కనిపెట్టిన మహానుభావుడికి ఊరూరా విగ్రహాలు పెట్టాలి!

మా బావమరిది విమానాల మెకానిక్. చక్రం మార్చాక నట్టు ఎంత బిగిసిందో టార్క్ రెంచ్ పెట్టి చూడాలని రూలు. ఆ రెంచ్ ఉండేది హ్యాంగర్ ఆ చివర స్టోర్లో. స్టోర్ తాళం స్టోర్ కీపర్ జేబులో. స్టోర్ కీపర్ క్యాంటీన్‌లో. వీడు వెళ్లి, ఆయన్ని బతిమాలి, రెంచ్ పట్టుకొచ్చేసరికి విమానానికి ముసలితనం వస్తుంది.

సూపర్‌వైజర్ పెద్దమనిషి. రూలు వదిలెయ్యమని ఒక్కనాడైనా అన్న పాపాన పోలేదు. వెనక నిలబడి, వాచీ చూసుకుంటూ ‘ఇంకానా?’ అంటాడు, అంతే. మావాడు ‘ఏం కాదులే’ అనుకుని, నట్టుని చేతి అంచనాతోనే ఒక్క గుంజు గుంజి, సంతకం పెట్టేస్తాడు. ఎంత నడక కలిసొచ్చింది! విమానం టైముకి లేస్తే మీరూ నేనూ సంతోషించమా?

అంతా సవ్యంగా సాగిపోతుంటే మొన్న మా అత్తగారు చెడగొట్టారు. మావాడు నట్టు బిగిస్తుండగా మా ఆవిడ ఫోన్ చేసి, ఏ విమానం దగ్గరున్నాడో అడిగి, “అమ్మ మా ఇంటికొచ్చేది ఆ విమానంలోనేరా” అంది.

“ఇంకానా?” అన్నాడు సూపర్‌వైజర్, అలవాటు ప్రకారం.

“ఇంకానే సార్. రెంచ్ తేవాలి.”

“రోజూ చేత్తోనే కానిచ్చేస్తావుగా, ఇవాళేమొచ్చింది?”

“ఇవాళ మా అమ్మ ఎక్కుతోంది సార్.”

తాళం కోసం సూపర్‌వైజర్ తనే క్యాంటీన్‌కి నడిచాడు. రెంచ్ పెట్టి చూస్తే రెండు నట్లు వదులుగా ఉన్నాయి. అవి బిగిస్తుంటే మళ్లీ ఫోన్ మోగింది. ప్రయాణికుల హాల్లోంచి మా అత్తగారు.

“ఏరా, కూర్చోలేక నడుము పడిపోతోంది. ఇంకానా?”

ఈ జబ్బుకి నేను కంపెనీవారికి రెండు మందులు సూచించాను. రెంచ్‌ని చక్రం పక్కనే ఉంచి, ఆ ఒక్క మాటా మానెయ్యడం మొదటిది. ప్రతి విమానంలోనూ ఒక మెకానిక్ తల్లిని ఎక్కించడం రెండోది.

రెండోదే సులువని వాళ్లు తేల్చారు. అయితే అందుకు ఒప్పుకున్న తల్లి మా అత్తగారొక్కరే.

ఆవిడ ఎక్కని విమానాల సంగతంటారా? ఏం కాదులెండి.