చెంచా రిహార్సల్

"ఇకమీదట ఆకలితో ఏడ్చే పసిబిడ్డ నా హయాంలో కనబడడు" అని మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. వినబడడని మాత్రం అనలేదు. గొప్పవాళ్లు ఆచితూచి మాట్లాడతారు.

ఆ మాట నిలబెట్టే భాగ్యం శిశుపోషణ కేంద్రం వెనక సందులో ఉండే అమ్మమ్మకు దక్కింది. ఆవిడ కూతురు మిల్లుకి పోతే, పది నెలల మనవడు బుడ్డోణ్ణి ఆవిడే సాకుతోంది. జ్వరం పడి లేచిన బుడ్డోడు కేంద్రంలో పోసే జావతో ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు. అలాంటిది వారంగా జావ బంద్.

"పిండి బస్తాలు నిండుగానే ఉన్నాయి కదే?" అంది అమ్మమ్మ.

"నిండుగా కనబడాలనే ఆపారు పిన్నీ" అంది ఆయా. "పిల్లలు తినేస్తే మంత్రిగారు ప్రారంభించడానికి ఏం మిగులుతుందీ?"

అంతటి ముందుచూపు ఆఫీసరుగారిది. తొలి చెంచాకు ఆయన బుడ్డోణ్ణే ఎంచారు.

"'పథకానికి ముందు' ఫొటోకి వీడు బ్రహ్మాండం. 'తర్వాత' ఫొటోకి మా బావమరిది కొడుకున్నాడు."

ప్రారంభోత్సవం రోజు పొద్దున బుడ్డోడికి ఏమీ పెట్టొద్దన్నారు. కడుపు కాలితేనే నోరు తెరుస్తాడట. రిహార్సల్ మొదలైంది. జావ పడితే వాడికి తొడిగిన కొత్త చొక్కా పాడవుతుందని ఖాళీ చెంచా పెట్టారు. బుడ్డోడు పిచ్చుకపిల్లలా నోరు తెరిచాడు. గాలి మింగాడు. "వన్ మోర్!" అన్నాడు ఫొటోగ్రాఫరు. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే.

"కాస్త జావ అద్దండయ్యా, పసివాణ్ణి మోసం చేస్తున్నారు" అంది అమ్మమ్మ.

"రిహార్సల్లో మోసమేమిటమ్మా? అసలు కార్యక్రమం ఇంకా ఉందిగా!" అన్నారు ఆఫీసరుగారు.

మధ్యాహ్నం దాటాక మంత్రిగారొచ్చారు. ఊరంతా రిబ్బన్లు కత్తిరించి, పాపం, ఆయనా పస్తే. గిన్నెడు జావ కాచి ముందు పెట్టారు. ఆయన నిండు చెంచా ఎత్తారు. బుడ్డోడు పెదవులు బిగించాడు. ఖాళీ చెంచాల సంగతి వాడికి తెలిసిపోయింది.

"పెద్దల ముందు నోరు మూసుకోవడం తెలిసిన బిడ్డ సార్" అన్నారు ఆఫీసరుగారు.

"తమరు 'ఆ' అంటే వాడూ అంటాడయ్యా" అంది అమ్మమ్మ, ఆశగా.

మంత్రిగారు "ఆ" అన్నారు.

"తిని చూపించండి సార్!" అన్నాడు ఫొటోగ్రాఫరు.

తిన్నారు. "బాగుందయ్యా!" అని ఇంకో చెంచా చూపించారు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే చూపించారు. గిన్నె అడుగు గీకిన చప్పుడు వినబడేసరికి బుడ్డోడు గొంతు చించుకుని ఏడ్చాడు. నోరు ఇంత పెద్దగా తెరుచుకుంది.

"అదీ!" అంటూ కెమెరాలన్నీ మెరిశాయి.

"నోరు తెరిచాడయ్యా, ఇంకాస్త కాచండి" అని అమ్మమ్మ బతిమాలింది.

"బస్తాలు బండెక్కేశాయమ్మా. రేపు పక్క పేటలో ప్రారంభోత్సవం."

ఇంటికొచ్చి, ఉన్న అన్నమే మెత్తగా మెదిపి చెంచాతో ఇవ్వబోతే వాడు మొహం తిప్పేసుకున్నాడు. చివరికి వేలితో నాకించింది.

మర్నాడు జావ కోసం వెళ్తే కేంద్రానికి తాళం. తలుపు నిండా రంగుల ఫొటో. చెంచాతో మంత్రిగారు, నోరంతా తెరిచిన బుడ్డోడు. కింద పెద్దక్షరాలు: 'ఆనందం పట్టలేని చిన్నారి.'

"నువ్వేరా!" అని చూపించింది అమ్మమ్మ.

చంకలో బుడ్డోడు మంత్రిగారి చెంచాను తేరిపార చూసి, నోరు గట్టిగా మూసుకున్నాడు.